నవ్వు రాలేదన్న పాఠకులు

మా బళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పెద్దవాళ్ళు "లెక్కల మేడమ్" అంటారు, పిల్లలు "కర్ఫ్యూ" అంటారు. ఈ రెండోది నాకు తెలియదనుకుంటారు, పిచ్చి మొహాలు! నేను వరండా మలుపు తిరిగేసరికి తలుపు దగ్గర కాపలా ఉన్నవాడు "కర్ఫ్యూ వస్తోందిరోయ్!" అని గొంతు తగ్గించి అరుస్తాడు. అంతవరకూ చేపల బజారులా ఉన్న క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. నేను లెక్కల మనిషినే గానీ చెవిటిదాన్ని కాదు.

నాకు కోపం ఎక్కువే, కాదనను. పాలు పొంగినా, సుద్దముక్క విరిగినా అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కర్ఫ్యూ అన్నందుకు మొదట్లో కొంచెం గర్వపడ్డాను కూడా. కానీ మనసులో ఒక ముల్లు మాత్రం ఉండిపోయింది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లల నవ్వు టక్కున ఆగిపోతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను విన్నదల్లా నవ్వు తోకే. "ఏంటర్రా ఆ నవ్వు?" అని అడిగితే "ఏం లేదు టీచర్" అంటారు. ఆ ఏం లేనిదేదో నాకు ఒక్కసారి పూర్తిగా వినాలని ఉండేది.

నిరుడు వానాకాలంలో ఒకరోజు మా బడి గంట మోగలేదు. స్టాఫ్ రూం ముందు వరండాలో దూలానికి వేలాడే పెద్ద ఇత్తడి గంట అది. అటెండరు తాడు పట్టుకుని లాగితే "ఖంగు" మనాల్సింది "దుప్" అంది. మళ్ళీ లాగాడు. దుప్. ప్రిన్సిపాల్ గారు వచ్చి కిందనుంచి తల పైకెత్తి చాలాసేపు చూసి, "వానకి చెమ్మ పట్టింది, బాగుచేసేవాణ్ణి పిలవండి" అని తేల్చేశారు. ఆయన అటు వెళ్ళగానే నేను కుర్చీ వేసుకుని ఎక్కి గంటలోపల చూశాను. గంట నాలుకకి ఎవరో సాక్సు తొడిగారు! బొటనవేలి దగ్గర చిరిగిన తెల్ల సాక్సు, ఆకుపచ్చ దారంతో అడ్డదిడ్డంగా కుట్టిన కుట్టు.

అది ఎవరిదో కనిపెట్టడానికి పోలీసులు అక్కర్లేదు. పొద్దున ప్రార్థనలో ఏడో తరగతి వరసలో ఒక పిల్ల ఒక కాలికి సాక్సుతో, రెండో కాలు బోసిగా నిలబడి ఉంది. లెక్కల మనిషి కంటికి బేసి సంఖ్య దొరక్కుండా పోతుందా? ఆ పిల్లని అందరూ "బొంగరం" అంటారు, ఒక్కచోట నిలబడదని. మామూలుగా అయితే చెవి పట్టుకుని ప్రిన్సిపాల్ ముందు నిలబెట్టాల్సింది. కానీ ఆ "దుప్" గుర్తొచ్చి నాకు కడుపులోంచి ఏదో తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని సాక్సు తీసి సంచిలో దాచేశాను. తరవాత బాగుచేసేవాడు వచ్చి తాడు లాగితే ఖంగుమంది. "ఇలాంటివి మా చెయ్యి పడితే చాలు సార్" అని డబ్బులు తీసుకుని చక్కా పోయాడు.

కడుపులో ఆగిపోయిన ఆ నవ్వు ఊరుకోలేదు. సెలవు రోజుల్లో కూర్చుని రాయడం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఉంటే నవల అయి కూర్చుంది. "మా బడి గంటకు జలుబు చేసింది" అని పేరు పెట్టాను. రచయిత పేరు "తోకచుక్క". నా పేరు పెడితే ఇంకేమన్నా ఉందా? ఆ నవల నిండా మా బడే. మైకు పరీక్షించడంతోనే ప్రార్థన సమయమంతా మింగేసే ప్రిన్సిపాలు, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని లోకమంతా వెతికే సైన్సు మాస్టారు, మిలటరీ టీచరని ఒక లెక్కల రాక్షసి. ఆ రాక్షసి ఎవరో చెప్పక్కర్లేదు.

ఈ సంగతి తెలిసింది మా తమ్ముడికి ఒక్కడికే. వాడికి జిరాక్సు, బైండింగు దుకాణం ఉంది. నా రాత టైపు చేసింది వాడే, అచ్చు వేయించింది వాడే. వాడికి చెప్పక తప్పలేదు గానీ వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

"అక్కా, బాగుందే! నవ్వలేక చచ్చాను. కానీ ఆ సాక్సు దారం రంగు మార్చు. నిజం సాక్సుది ఆకుపచ్చ అన్నావుగా, ఇందులో నీలం అని పెట్టు" అన్నాడు.

"ఎందుకురా?"

"నిజం నిజంగా రాస్తే దొరికిపోతారే."

"ఆకుపచ్చని నీలం అని ఎలా రాస్తాన్రా? తప్పు కదా" అన్నాను. వాడు తల కొట్టుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకూ కొట్టుకోవాలనిపిస్తుంది. మనిషినే మార్చి మిలటరీ అని రాసినదాన్ని, దారం రంగు మార్చడానికి మాత్రం చెయ్యి రాలేదు. చివరి మెట్టు తప్పు వేస్తే లెక్క మొత్తం తప్పే అని పిల్లలకి చెప్పీ చెప్పీ నాకే ఆ జబ్బు పట్టుకుంది.

పుస్తకం అచ్చయ్యాక వాడు చేసిన నిర్వాకం చూడండి. మా లైబ్రరీ పుస్తకాలు బైండింగుకి వాడి దుకాణానికే వెళ్తాయి. తిరిగి పంపేటప్పుడు ఆ కట్టలో నా నవల ప్రతులు కొన్ని దూర్చేశాడు! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు దూర్చమన్నార్రా నిన్ను?"

"పిల్లలు నవ్వుతారా లేదా అని నెల నుంచి నా ప్రాణం తీస్తున్నావు. అట్టపెట్టెలో పెట్టుకుంటే ఎవడు నవ్వుతాడే? వెళ్ళి చూసుకో" అన్నాడు వాడు. జవాబు లేని మాట అది. లెక్కలు చెప్పేవాళ్ళకి జవాబు లేకపోతే ఇంకా కోపం వస్తుంది.

మా బళ్ళో ఒక పద్ధతి ఉంది. ఏ కథల పుస్తకమూ నేరుగా షెల్ఫు ఎక్కదు. ముందు టీచర్లు చదవాలి, తరవాత ఒక తరగతి పిల్లలు చదవాలి, ఆ తరవాత లైబ్రరీలో అభిప్రాయ సభ పెట్టి ప్రిన్సిపాల్ గారి ముందు అందరూ నోరు విప్పి చెప్పాలి. బాగుందంటే లోపలి అట్ట మీద బడి ముద్ర పడుతుంది. లేదంటే వచ్చిన దారినే వెళ్ళిపోతుంది.

ముందు మా స్టాఫ్ రూంలో పడింది నా పుస్తకం. నేను ఒక మూల కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించాను. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! కానీ మా వాళ్ళు పుస్తకం చదివే తీరు వేరు. చేతిలో ఎర్ర పెన్ను లేకపోతే వాళ్ళకి అక్షరం కనపడదు. సైన్సు మాస్టారు టిఫిన్ బాక్సు ఘట్టం దగ్గర ఆగిపోయారు. మేడ మీంచి జారిన టిఫిన్ బాక్సు డ్రిల్లు మాస్టారి నెత్తిన పడి ఆయనకి బొప్పి కడుతుంది. అది చదివి పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారని నేను నెల రోజులు కలగన్నాను.

"అసంభవం" అన్నారు మాస్టారు. "ఆ ఎత్తు నుంచి ఆ బరువు పడితే బొప్పి కట్టదు, తల పగులుతుంది." పక్కన ఖాళీలో లెక్క వేసి, కింద ఎర్రగా గీత గీసి "మళ్ళీ ప్రయత్నించు" అని రాసేశారు.

భాషా టీచరమ్మ కామాలన్నిటికీ సున్నాలు చుట్టింది. ఆశ్చర్యార్థకాలు ఎక్కువయ్యాయని పేజీకి ఇంత అని మార్కులు కోసింది. చివరి పేజీలో అలవాటు కొద్దీ "ప్రతిభ ఉంది. దస్తూరీ మెరుగుపడాలి" అని రాసి సంతకం పెట్టింది. అచ్చు పుస్తకమమ్మా తల్లీ అని అరుద్దామనుకున్నాను. తేలు కుట్టిన దొంగని, ఎలా అరుస్తాను?

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాం. మా స్టాఫ్ రూంలో మాత్రం ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ భుజం తడిమారు. నెత్తి మీద కళ్ళజోడు పెట్టుకుని సైన్సు మాస్టారు, "ఈ కళ్ళజోడు వెతికే శాల్తీ ఎవరో గానీ, పాపం, అచ్చం మన డ్రిల్లు మాస్టారే" అన్నారు. ప్రిన్సిపాల్ గారైతే మైకు ఘట్టం చదివి, "పక్క వీధి బడి ప్రిన్సిపాల్ ఉన్నాడే, వాడే వీడు! వాడికి మైకు ఇస్తే వదలడు" అని నాకు చెప్పారు. ఒక్క పాత్రని మాత్రం అందరూ సరిగ్గా పోల్చుకున్నారు. "ఆ మిలటరీ టీచరు మాత్రం..." అని మొదలుపెట్టి, నేను తలెత్తగానే "వాన వచ్చేలా ఉంది" అని ముగించింది భాషా టీచరమ్మ. అదీ ఒకందుకు మంచిదే. తన మీద తానే అంత విషం కక్కుకునే మనిషి ఉంటుందని ఎవరికి అనుమానం వస్తుంది?

తరవాత ఎనిమిదో తరగతికి ఇచ్చారు పుస్తకాలు. ఆ మర్నాడే ప్రార్థనలో ప్రిన్సిపాల్ గారు మైకు అందుకున్నారు. "హలో, హలో, వినపడుతోందా? వెనకాల వినపడుతోందా?" అని కాసేపు అయ్యాక అసలు విషయానికొచ్చారు.

"నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు. శనివారం అభిప్రాయ సభ. ఈ పుస్తకం వల్ల బుద్ధి వచ్చిందంటే ముద్ర వేస్తాం. నవ్వు వచ్చిందంటే తిప్పి పంపేస్తాం. టీచర్లని చూసి నవ్వడం నేర్పే పుస్తకం మన బడికి అక్కర్లేదు. సభకి లెక్కల మేడమ్ అధ్యక్షత వహిస్తారు."

కిందకి దిగాక నన్ను పక్కకి పిలిచి, "మీరైతేనే సరి మేడమ్. ఏం జరిగినా మీ మొహంలో నవ్వు కనపడదు కదా" అన్నారు, అదేదో పెద్ద బిరుదిచ్చినట్టు.

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. పిల్లలు నవ్వొచ్చిందంటే పుస్తకం పోతుంది. రాలేదంటే నేను పోతాను. తమ్ముడికి చెబితే, "పుస్తకం పోతే పోయిందే, నవ్వు ముఖ్యం కదా నీకు" అన్నాడు. నిజమే. పోతే పోనీ, పిల్లలు ఒక్కసారి నా ముందు "పడీ పడీ నవ్వాం" అంటే చాలు, ఆ తరవాత దాన్ని చిత్తుకాగితాల వాడికి వేసినా ఫరవాలేదు అనుకుని శనివారం లైబ్రరీకి వెళ్ళాను.

మా లైబ్రరీ గది అగ్గిపెట్టె అంత ఉంటుంది. అద్దాల బీరువాలు, మధ్యలో పొడుగాటి బల్ల, దాని మీద ముద్ర, సిరా దిండు. ఎనిమిదో తరగతి మొత్తం బెంచీల మీద ఇరుక్కుని కూర్చుంది. గుసగుసలాడినా ఆ చివరికి వినపడే ఆ గదికి కూడా ప్రిన్సిపాల్ గారు మైకు తెప్పించారు.

"హలో, హలో, వినపడుతోందా? వెనకాల వినపడుతోందా?"

అక్షరం పొల్లు పోకుండా నా నవల్లో మాటే! నేను ఊపిరి బిగబట్టి పిల్లల వైపు చూశాను. ఒక్కరి పెదవీ కదల్లేదు. అందరూ చావు కబురు వింటున్నట్టు నేల చూపులు చూస్తున్నారు. కొందరికి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది. చివరి బెంచీలో ఒక పిల్ల చున్నీ మొత్తం నోట్లో కుక్కుకుంటోంది. విసుగొచ్చి ఆవలింతలు ఆపుకుంటున్నారు కాబోలు అనుకున్నాను.

టీచర్ల అభిప్రాయాలు అయ్యాయి. బొప్పి విషయం సైన్సు మాస్టారు మళ్ళీ నిరూపించారు. ఇక పిల్లల వంతు వచ్చింది. ముందు లేచింది బొంగరమే.

"చాలా గంభీరమైన పుస్తకం సార్" అంది చేతులు కట్టుకుని. "మూడుసార్లు చదివాను. ఒక్కసారి కూడా నవ్వు రాలేదు."

"నవ్వు రానిదానివి మూడుసార్లు ఎందుకు చదివావు?" అన్నాను నేను.

"ఎక్కడైనా వస్తుందేమోనని జాగ్రత్తగా వెతికాను టీచర్. లేదు."

ప్రిన్సిపాల్ గారు తృప్తిగా తల ఊపారు. తరవాత లేచినవాడు "రేడియో". వాడి నోరు క్లాసులో ఎప్పుడూ మూతపడదు, అందుకని ఆ పేరు.

"నాకైతే పశ్చాత్తాపం కలిగింది సార్."

"దేనికి నాయనా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అది ఇంకా తెలీలేదు సార్. కలిగింది మాత్రం."

నాకు కోపం మొదలైంది. అధ్యక్షురాలు నోరు మూసుకుని కూర్చోవాలన్నది గాలికి పోయింది. "ఆ టిఫిన్ బాక్సు ఘట్టం చదివారా లేదా? డ్రిల్లు మాస్టారు బొప్పితోనే అటెన్షన్‌లో నిలబడతాడు కదా, అక్కడ కూడా నవ్వు రాలేదా?"

"భూమ్యాకర్షణ శక్తి ఎంత గొప్పదో తెలిసింది టీచర్" అన్నాడు రేడియో. సైన్సు మాస్టారు మురిసిపోయి కళ్ళజోడు కోసం జేబులు తడుముకున్నారు. గదిలో దగ్గులు ఎక్కువయ్యాయి. ఒకడు నీళ్ళు తాగొస్తానని పరుగెత్తాడు.

"మిలటరీ టీచరు గాలికి ఎగిరిన తన గొడుక్కి కూడా ఎక్కం అప్పజెప్పమంటుంది కదా, అక్కడ?"

"ఆ టీచరంటే చాలా గౌరవం కలిగింది టీచర్" అంది క్లాసు మొత్తం ఒక్క గొంతుతో.

"మరి సాక్సు?" అని దాదాపు అరిచాను. "గంటకి సాక్సు తొడిగితే దుప్ మంటుంది కదా! అక్కడ కూడా రాలేదా నవ్వు?"

బొంగరం తలెత్తి నా కళ్ళలోకి సూటిగా చూసింది. కర్ఫ్యూ కళ్ళలోకి ఏ పిల్లా అలా చూడదు. "అక్కడ మాత్రం బాధేసింది టీచర్. పాపం, ఆ పిల్ల రోజంతా ఒక కాలికి సాక్సు లేకుండా చలిలో తిరిగింది కదా."

ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. "మీకు బుర్రలున్నాయా, గుమ్మడికాయలున్నాయా? మనుషులేనా మీరు? ఇంత కష్టపడి ఒక మనిషి..."

"మేడమ్, మేడమ్, శాంతించండి!" అని ప్రిన్సిపాల్ గారు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "నవ్వు రాకపోవడమే కదండీ మనకి కావలసింది! మీరెందుకు బాధపడుతున్నారు?"

అప్పటికి ఒంటి మీదకి తెలివొచ్చి కూలబడ్డాను. ప్రిన్సిపాల్ గారు మైకులో నా పుస్తకాన్ని తెగ పొగిడారు. ఇంత బుద్ధి చెప్పే పుస్తకం, ఇంత నవ్వు రాని పుస్తకం తన సర్వీసులో చూడలేదన్నారు. ఠపీమని ముద్ర పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నా చెంపల మీద కొట్టినట్టే ఉన్నాయి.

స్టాఫ్ రూంకి వచ్చి ఒక్కదాన్నే కూర్చున్నాను. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఏడుపొచ్చింది, నిజమే చెబుతున్నాను. కర్ఫ్యూ ఏడుస్తుందా అంటే ఏడుస్తుంది, తలుపు దగ్గరగా వేసుకుని ఏడుస్తుంది. నాకు నవ్వించడం చేతకాదు. నేను గుమ్మంలోకి వస్తే నవ్వు ఆగడం కాదు, నేను రాసిన పుస్తకం ఇంట్లోకి వెళ్ళినా ఆగిపోతోంది. లెక్కలు చెప్పుకుని బతకక ఎందుకొచ్చిన గోల నాకు అనుకున్నాను.

తలుపు చప్పుడైంది. గబగబా కళ్ళు తుడుచుకుని, "ఎవరది?" అని గద్దించాను.

బొంగరం. లోపలికొచ్చి, ఎప్పుడూ లేనిది, కదలకుండా నిలబడింది.

"ఏం కావాలి?"

"నా సాక్సు ఇప్పిస్తారా టీచర్?"

"ఏ... ఏ సాక్సు?"

"ఆకుపచ్చ దారంది. ఆ కుట్టు మా తాతయ్య వేశాడు. ఇంట్లో తెల్ల దారం అయిపోయిందని. గంటకి చెమ్మ పట్టిందనే కదా అందరూ అనుకున్నారు. లోపల సాక్సు ఉందని, దానికి ఆకుపచ్చ కుట్టు ఉందని నాకు తెలుసు, దాన్ని తీసినవాళ్ళకి తెలుసు. ఇంకెవరికీ తెలీదు." తలుపు వైపు ఒకసారి చూసొచ్చి, "తోకచుక్కకి తప్ప" అంది.

నా మొహం ఏ రంగుకి తిరిగిందో నాకు తెలీదు. "మా తమ్ముడు చెప్పాడా నీకు?"

"ఆయనెవరు టీచర్?"

పాపం వాణ్ణి ఎన్ని మాటలన్నాను! జీవితంలో మొదటిసారి వాడి నోట్లో నువ్వుగింజ నానింది, నేను రాసిన పుస్తకమే నన్ను పట్టిచ్చింది. "ఇంకా ఎవరెవరికి తెలుసు?" అన్నాను నీరసంగా.

"మా క్లాసుకి ఒక్కదానికే టీచర్."

"క్లాసంతటికీనా?"

"అందరికీ. నాలుగో చాప్టరు చదవగానే కనిపెట్టేశాం."

"మరి ఎవరితోనూ అనలేదా? ఇంట్లో? ప్రిన్సిపాల్ గారితో?"

ఆ పిల్ల నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "నిరుడు మీరు చెప్పారా టీచర్, నా గురించి?"

నేను సొరుగు తాళం తీశాను. సాక్సు అక్కడే ఉంది, సుద్దముక్కల డబ్బా వెనకాల, నిరుడు ఇంట్లో ఉతికి మడతపెట్టి తెచ్చినట్టే. దాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఎంత కష్టమైన లెక్కయినా బోర్డు మీద ధడధడ చేసేదాన్ని, ఆ ఒక్క ప్రశ్న అడిగే ముందు సొరుగుకి రెండుసార్లు తాళం వేసి తీశాను.

"నిజం చెప్పు. నవ్వొచ్చిందా, రాలేదా?"

బొంగరం సాక్సుని పిడికిట్లో బిగించి, "ఇప్పుడు కాదు టీచర్. సోమవారం మొదటి పీరియడు అయ్యే గంట కొట్టాక చెప్తాను" అంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇంకో పుస్తకం రాసేటప్పుడు మాత్రం దారం రంగు మార్చండి" అని చెప్పి బొంగరంలాగే తిరిగిపోయింది.

ఆదివారమంతా నేను తమ్ముడి మెదడు తిన్నాను. సోమవారం పొద్దున ఎనిమిదో తరగతిలోకి వెళ్ళాను. మామూలుగానే గుమ్మంలో అడుగు పెట్టగానే అంతా సద్దుమణిగింది. బోర్డు మీద లెక్క మొదలుపెట్టాను. అందరూ ఏమీ ఎరగనట్టు పుస్తకాల్లో తలలు దూర్చి బుద్ధిగా రాసుకుంటున్నారు. బొంగరం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. తల వంచుకునే ఉంది. నాకు చిరాకెత్తి సుద్దముక్క గట్టిగా నొక్కాను. పీరియడు అయిపోవచ్చింది.

దుప్.

నా చెయ్యి బోర్డు మీద ఆగిపోయింది.

దుప్. దుప్. వరండాలో అటెండరు బలంకొద్దీ తాడు లాగుతున్నాడు. దుప్. అడుగుల చప్పుడు. ఆ వెంటనే మైకులో ప్రిన్సిపాల్ గారి గొంతు: "హలో, హలో, వినపడుతోందా? గంటకి మళ్ళీ చెమ్మ పట్టింది. వెనకాల వినపడుతోందా?"

వెనక్కి తిరిగాను. బొంగరం బెంచీ పక్కకి కాలు చాపి కూర్చుని ఉంది. ఒక కాలికి సాక్సు ఉంది. రెండోది బోసి.

గుడ్లురిమి చూడాలని నిజంగానే అనుకున్నాను. కనుబొమలు ముడిచాను కూడా. కానీ నిరుడు వానాకాలం నుంచి కడుపులో బిగబట్టినది ఇక ఆగనంది. ముందు ముక్కులోంచి ఒక చప్పుడొచ్చింది. చేతిలో సుద్దముక్క కిందపడి రెండైంది. ఆ తరవాత నేను నవ్వాను. బల్ల పట్టుకుని, కళ్ళజోడు తీసేసి, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాను.

పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. కర్ఫ్యూ నవ్వడమే! అప్పుడు చివరి బెంచీలోంచి రేడియో లేచి, ప్రిన్సిపాల్ గారి గొంతుతో, నా నవల్లో ముక్క మొదలుపెట్టాడు. "ఈ మైకు పని చెయ్యడం లేదని వినపడనివాళ్ళు చెయ్యెత్తండి!" పక్కవాడు తరవాతి మాట అందుకున్నాడు. చున్నీ పిల్ల మిలటరీ టీచరై గొడుగుని గద్దించింది: "ఏడో ఎక్కం చెప్పి అప్పుడు ఎగురు!" పుస్తకం ఒక్కరి చేతిలోనూ లేదు. ఒకరి తరవాత ఒకరు, కామా తప్పకుండా, మొత్తం నోటికి వచ్చు వాళ్ళకి. శనివారం నుంచి దగ్గుల్లో మింగేసిన నవ్వంతా గది పైకప్పు లేచిపోయేలా బయటికొచ్చింది. బొంగరం బెంచీ మీద వాలిపోయి పొట్ట పట్టుకుని, "ఇదీ టీచర్... ఇదీ..." అంటోంది. మిగతా మాట నవ్వులో కొట్టుకుపోయింది.

"కూర్చోండర్రా, ముందు ఆ గంట సంగతి చూసొస్తాను. వాళ్ళు చూస్తే మన పని అయిపోతుంది" అని బయటికొచ్చాను. వరండా ఖాళీగా ఉంది. ప్రిన్సిపాల్ గారు, అటెండరు బాగుచేసేవాడికి ఫోను చెయ్యడానికి లోపలికి వెళ్ళారు. కుర్చీ ఎక్కి సాక్సు లాగాను. అదే సాక్సు. కానీ మడమ దగ్గర కొత్త కుట్టు ఉంది, ఈసారి ఎర్ర దారంతో. రెండో పుస్తకానికి అన్నమాట! దాన్ని కొంగులో దాచుకుని తాడు లాగాను. ఖంగున మోగింది. లోపల్నుంచి ప్రిన్సిపాల్ గారు "అదిగో, ఫోను చెయ్యగానే బాగైపోయింది!" అని అరిచారు.

తిరిగి వచ్చాను. వరండా మలుపు తిరిగితే ఎప్పుడూ వినపడే కాపలా కేక ఈసారి వినపడలేదు. క్లాసు గుమ్మం ముందు ఆగాను. లోపల నవ్వు ఇంకా అలాగే ఉంది. ఇన్నేళ్ళ అలవాటు, అడుగు పెట్టాలంటే భయమేసింది.

తలుపు తోసి లోపలికి వెళ్ళాను. అందరూ నన్ను చూశారు. నవ్వు ఆగలేదు.